విద్యుచ్ఛక్తి లేని నాడు మన పల్లెలు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామస్థులకు ఒక పాఠము)

పులివెందుల ప్రాంతమున ఒక చీనీతోటలో బోరుబావి మోటారు 600 అడుగుల లోతున దింపబడియున్నదనుకొందము. నీటిని పైకి తెచ్చునది గట్టున నిలిచిన రైతు కాదు. అతని ఎద్దులును కావు. ఆ మోటారే తెచ్చుచున్నది. మోటారునకు శక్తినిచ్చునది చేని గట్టునగల ట్రాన్సుఫార్మరు. దానికి శక్తినిచ్చునది ఊళ్లును జిల్లాలును దాటి వచ్చుచున్న తీగ. ఈ గొలుసులో ఏ లంకె తెగినను నీరు నిలిచిపోవును. ఒక గంట నిలిచినచో రైతు విసుగుకొనును. ఒక వారము నిలిచినచో తోట వాడును. తెగిన లంకె మరల ఎన్నటికిని అతుకబడనిచో తోట యేమగును? అదే నీటిని త్రాగు ఊరేమగును?

ఈ పాఠమున మేము చర్చింపదలచినది ఈ ప్రశ్ననే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు మూడును కడప జిల్లాలోనివే. ఒకే ఎండకు మాడునవే. అయినను ఈ ప్రశ్నకు మూడు ప్రాంతములును ఒకే సమాధానము చెప్పజాలవు. ఎందుకో తెలిసికొన్నచో నేడు మనము చేయదగిన పని యేదో తేటపడును.

ఇట్టి విపత్తు కలుగునా?

విద్యుచ్ఛక్తి శాశ్వతముగా పోవుట అరుదు. కాని చాలకాలము పోయిన సందర్భములు లోకమున కలవు. 1859 సెప్టెంబరులో సూర్యునిపై పుట్టిన ఒక మహోత్పాతము భూమిని తాకగా టెలిగ్రాఫు తీగలలో నిప్పురవ్వలు లేచెను. ఆ నాటికి పల్లెలలో కరెంటు లేదు గనుక ఎవరికిని పెద్ద నష్టము కలుగలేదు. 1989 మార్చి 13వ తేదీన అట్టిదే, అంతకంటె చిన్నది, సంభవింపగా కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రములో సుమారు 60 లక్షల జనులు 9 గంటలపాటు చీకటిలో నుండిరి. 2017 సెప్టెంబరు 20వ తేదీన ప్యూర్టోరికో ద్వీపమును తాకిన తుఫాను అచటి విద్యుత్ స్తంభములను నేలకూల్చెను. చివరి ఇండ్లకు కరెంటు తిరిగి వచ్చుసరికి సుమారు 11 నెలలు పట్టినది.

మన రాష్ట్రమందును ఇట్టి అనుభవము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు అంతటి నగరము దినముల తరబడి కరెంటు లేక, నీటికి బారులు తీరెను. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినపుడు, ఆ నాటి కడప జిల్లాలోనే, ఏటి వెంటనున్న పల్లెలలో ఇండ్లతో పాటు విద్యుత్ స్తంభములును కొట్టుకొనిపోయెను.

ఈ అన్ని సందర్భములలోను కరెంటు మరల వచ్చుటకు కారణ మొక్కటే. వెలుపలి నుండి మనుష్యులు, తీగలు, స్తంభములు, యంత్రములు వచ్చినవి. పెద్ద ట్రాన్సుఫార్మరు అంగడిలో దొరకు వస్తువు కాదు. దానిని తయారుచేయుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించి పట్టును. సాయము రావలసిన చోటును చీకటిలో నున్నచో మన ఊరి వంతు ఎన్నడు వచ్చునో చెప్పజాలము.

ఇంతవరకును దూరపు మాట అనుకొన్నను, మన సీమ రైతుకు దగ్గరి మాట ఒకటి కలదు. బోరు ఎండినచో స్తంభముమీద కరెంటు ఉన్నను లేనట్లే. 2004వ సంవత్సరము మే నెల నుండి రాష్ట్రమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించుచున్నది. నీరులేని బోరునకు మాత్రము ఉచిత విద్యుత్తు కూడ నీరు తేలేదు. కనుక కరెంటు పోవు దినమునకు సిద్ధపడుటయు, కరువునకు సిద్ధపడుటయు ఒకే పని. ఆ దినము ఎన్నటికిని రాకపోయినను, ఈ పనికి పడిన శ్రమ వృథా కాదు.

ఇంటి ముంగిట విద్యుత్కేంద్రము ఉన్నను

"మన జిల్లాలోనే విద్యుత్తు పుట్టుచున్నది గదా, మనకేమి భయము?" అని కొందరడుగవచ్చును. కలమల్ల వద్ద రాయలసీమ తాప విద్యుత్కేంద్రము 1994 నుండి పనిచేయుచున్నది. మైలవరము మండలమున విశాలమైన సౌర విద్యుత్ క్షేత్రము వెలసినది. ఇవి మనకు గర్వకారణములు. కాని తాప విద్యుత్కేంద్రమునకు దూరపు గనులనుండి రైలుపై బొగ్గు రావలెను. ఒకసారి పూర్తిగా ఆగిన పిమ్మట దానిని మరల నడుపుటకు వెలుపలి నుండి కొంత విద్యుత్తు కావలెను.

సౌర ఫలకముల సంగతియు తెలిసికొనదగినదే. ఇంటి మిద్దెపై ఫలకములు అమర్చుకొన్న వారిలో పెక్కుమందికి బ్యాటరీలు లేవు. అట్టి అమరికలు వెలుపలి తీగలో కరెంటు ఆగిన క్షణముననే తామును ఆగిపోవును. తీగమీద పనిచేయు కార్మికునికి ప్రాణాపాయము కలుగకుండ అట్లు చేసియున్నారు. ఫలకము 25 ఏండ్లు పనిచేయును గాని, సాధారణపు సీసపు బ్యాటరీ 3 నుండి 5 ఏండ్లకు మించి నిలువదు. బ్యాటరీ లేకయే పగటియెండలో నేరుగా నడచు సౌర పంపు వీనికంటె మేలు. అదియు చెడిపోవువరకే. కనుక సౌరశక్తిని శాశ్వతమైన ఆధారముగ కాక, పాత పద్ధతులను మరల నేర్చుకొనువరకు మనలను దాటించు వంతెనగా భావింపవలెను.

లోతే అసలు లెక్క

ఒక ఊరిలో వెయ్యిమంది జనులు, 300 పశువులు ఉన్నవనుకొందము. త్రాగుటకు, వంటకు, శుభ్రతకు మనిషికి దినమునకు కనీసము 15 లీటర్లు కావలెను. పశువునకు సగటున 40 లీటర్లు. వెరసి 27 వేల లీటర్లు.

పూర్వము మన బావులపై కపిల నడచెడిది. ఎద్దులు వాలుదారిని దిగుచుండగా మోకు లాగబడి తోలుబాన పైకి వచ్చెడిది. దాని తొండము నుండి నీరు తొట్టిలో పడెడిది. బాన 150 లీటర్లు పట్టునదై, నిమిషమునకు ఒకసారి పైకి వచ్చినచో గంటకు 9 వేల లీటర్లు లభించును. అనగా మూడు గంటల పనితో పైయూరి జనులకును పశువులకును చాలిన నీరు చేకూరును. అయితే ఆ బావిలో నీరు 30 లేక 40 అడుగులలో నుండవలెను.

నీరు 600 అడుగుల లోతున నున్నచో? ఇరువది రెట్లు లోతు గనుక, అంతే శ్రమకు ఇరువదవ వంతు నీరే వచ్చును. 30 అడుగుల బావినుండి ఇరువది కడవలు తోడు శ్రమకు ఇచట ఒక్క కడవ దక్కును. పైగా ఆరేడు అంగుళముల బోరులో బాన దిగదు. ప్రభుత్వము పల్లెలలో వేసిన మార్కు-2 చేతిపంపు సుమారు 150 అడుగుల వరకు నీటిని తోడగలదు. గట్టుపై పెట్టిన ఆయిలింజను పంపు నీటిని పీల్చుకొనగలిగినది సుమారు 25 అడుగులే. అందుకే మన పెద్దలు ఇంజనును బావిలోపల అరుగుకట్టి దింపెడివారు.

ఈ లెక్కలన్నిటి సారము ఒక్కటి. కరెంటు లేని నాడు ఒక ఊరి బ్రదుకు ఆ ఊరి నీరు ఎంత లోతున నున్నదను దానిపై ఆధారపడును. 40 అడుగులైనచో ఎద్దులు చాలును. 150 అడుగులైనచో చేతిపంపు చాలును. ఆ క్రిందిది మన చేతికి అందని నీరు.

ఇచట ఒక మాట గుర్తుంచుకొనవలెను. బోరు లోతు వేరు, బోరులోని నీటిమట్టము వేరు. 600 అడుగుల బోరులోనైనను మోటారు నడువని దినములలో నీరు పైకి లేచి నిలుచును. మోటారును వెలికి తీసి, అడుగున మూయు రెక్కగల నాలుగంగుళముల గొట్టపు బొక్కెనను గిలకపై మోకుతో దింపినచో, నాలుగడుగుల గొట్టమునకు 9 లీటర్ల చొప్పున నీరు తోడవచ్చును. ఇది తోటకు చాలదు. ప్రాణములు నిలుపుటకు చాలును. మోటారులన్నియు ఒక్కసారిగా ఆగిన సీమలో, వానలు కురిసిన కొలది భూగర్భజలము ఏటేటను పైకి లేచును. కనుక మిక్కిలి కష్టమైనవి మొదటి కొన్ని ఏండ్లు. ఆ ఏండ్లను దాటగలిగిన ఊరు నిలుచును.

మూడు ప్రాంతములు, మూడు స్థితులు

ప్రొద్దుటూరు ప్రాంతమునకు గొప్ప అదృష్ట మొకటి కలదు. 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ తుంగభద్రపై సుంకేసుల వద్ద పుట్టి, సుమారు 306 కిలోమీటర్లు ప్రవహించి, ఈ ప్రాంతపు పొలములను తడుపుచున్నది. 1882లో దానిని ప్రభుత్వము కొనినది. ఆ నీరు ఏ మోటారు లేకయే, పల్లమునకు ప్రవహించు తన స్వభావముచేతనే వచ్చుచున్నది. కరెంటు పుట్టకముందు పారినది. కరెంటు లేకున్నను పారును. కాని కాలువలో పూడిక తీయువారును, తూములు చేతితో ఎత్తువారును, నీరు పంచువారును ఉండవలెను.

రెండవది పెన్నేరు. ఏటి ఇసుకలో సుమారు నాలుగవ వంతు నీరు నిలుచును; పైన ఇసుక కప్పి యుండుటచే ఎండకు త్వరగా ఆరిపోదు. చెలమ తీసి నీరు తెచ్చుకొనుట మన తల్లులకు తెలిసిన విద్య. ఇసుక తరలిపోయిన ఏటిలో చెలమ లేదు. కనుక నేడు ఇసుకను కాపాడుకొనుట రేపటి త్రాగునీటిని కాపాడుకొనుటయే.

ప్రొద్దుటూరి కష్టము వేరు. అది పట్టణము. 2011 జనగణన నాటికే లక్షా 60 వేలకు పైగా జనము కలదు. మనిషికి 15 లీటర్ల చొప్పున దినమునకు 24 లక్షల లీటర్లు కావలెను. బంగారపు వ్యాపారము, నూనె మిల్లులు, బట్టల అంగళ్లు అన్నియు కరెంటుతో ముడిపడినవి. అట్టి దినమున పట్టణవాసులలో పెక్కుమంది తమ స్వగ్రామములకు మరలుదురు. బంధువులను ఆదరించుటకు పల్లెలు ఆ లెక్కయు ముందే వేసికొనవలెను.

జమ్మలమడుగు ప్రాంతమున పెన్న గండికోట కనుమను చీల్చుకొని వచ్చి మైలవరము జలాశయమున నిలుచుచున్నది. నల్లరేగడి భూములు కొర్రకు, జొన్నకు, శనగకు పుట్టినిండ్లు. వానకు తడిసిన తేమతోనే శనగ పండును. నీరు కట్టకయే గింజ పండు భూమి ఇట్టి దినములలో బంగారముకంటె విలువైనది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల చేనేతవారి గుంటమగ్గమునకు కరెంటు అక్కరలేదు. నూలు దొరికినంతకాలము బట్ట దొరకును.

పులివెందుల ప్రాంతము మిక్కిలి జాగ్రత్త పడవలసినది. గండికోట జలాశయమువరకు కృష్ణ నీరు వాలునబట్టి వచ్చుచున్నది. అచటినుండి చిత్రావతి, పైడిపాలెము జలాశయములకు ఎత్తిపోతలచేత, అనగా కరెంటు మోటారులచేత, ఎక్కుచున్నది. తుంగభద్ర ఎగువ కాలువ వైపునుండి వచ్చు నీరు వాలున వచ్చునదే గాని అది ఎప్పుడును చాలినంత రాదు. తక్కిన నీరంతయు లోతు బోర్లది. పెరిగిన చీనీచెట్టు వేసవిలో దినమునకు నూరు లీటర్లకు పైగా త్రాగును. ఎకరమునకు నూరు చెట్లనుకొన్నచో 10 వేల లీటర్లు. ఒకటిన్నర ఎకరముల తోటకు పెట్టు నీరు వెయ్యిమంది జనుల ఒకనాటి నీటికి సమానము. కరువు ఏండ్లలో ట్యాంకరులతో నీరు తోలి చెట్లను బ్రదికించుకొనిన రైతులకు ఈ లెక్క క్రొత్తది కాదు. వారు తోటతో పాటు రెండెకరములైనను వానకు పండు భూమిగా ఉంచుకొనుట, గట్లపై చింత, రేగు, సీతాఫలము, నేరేడు పెంచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

పోరుమామిళ్ల చెరువు చెప్పు పాఠము

మన జిల్లాలోనే పోరుమామిళ్ల యందు ఆరున్నర శతాబ్దముల నాటి చెరువొకటి కలదు. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు దానిని కట్టించెను. 1369వ సంవత్సరపు శాసనము దాని కథను చెప్పుచున్నది. రెండేండ్లపాటు దినమునకు వెయ్యిమంది కూలీలు కట్టపై పనిచేసిరి. రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచెను. మంచి చెరువునకు కావలసిన 12 అంగములను, విడువవలసిన 6 దోషములను ఆ శాసనము లెక్కపెట్టినది. కట్ట కారుట, చవుటి నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మెట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువగుట అనునవి ఆ దోషములు.

ఈ ఆరింటిలో అయిదవదానిని చదువరులు మరల చదువవలెను. నీటికి మించిన సాగు దోషమని ఆ నాటివారు రాతిపై చెక్కించిరి. నేడు లోతు బోర్లతో మనము చేయుచున్నది అదియే.

చెరువు కట్టుటతో పని ముగియలేదు. దానిని బాగుచేయువారికి పంటలో పదవ వంతు చెందునట్లు దశబంధపు ఈనాములు ఏర్పడినవి. మడవలు కట్టి నీరు పంచుటకు నీరుగంటి అను గ్రామసేవకుడు ఉండెడివాడు. ఏటేట రైతులందరు పూడిక తీసెడివారు. యంత్రము లేని దినములలో చెరువును నిలిపినది ఈ కట్టుబాటే. కట్టుబాటు సడలిన చోట్ల చెరువు పూడినది, బావి ఎండినది, ధాత సంవత్సరపు కరువు వంటిది వచ్చినపుడు జనము రాలినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమున లక్షలమందిని కబళించిన ఆ కరువును మన సీమ ఇప్పటికిని మరువలేదు.

గింజ, ఉప్పు, ఎద్దు

మనిషికి సగటున దినమునకు 400 గ్రాముల ధాన్యము చొప్పున వెయ్యిమందికి ఏడాదికి 1,460 క్వింటాళ్లు కావలెను. కొర్రలను విసరి, చెరిగి, దంచగా మూడింట రెండు వంతులు బియ్యము దక్కునని, వర్షాధారపు భూమిలో ఎకరమునకు 5 క్వింటాళ్లు పండునని లెక్కించినచో సుమారు 440 ఎకరములు కావలెను. కొర్ర విత్తనము ఎకరమునకు 2 కిలోలే. అనగా తొమ్మిది క్వింటాళ్ల విత్తనము ఊరంతటిని బ్రదికించును. మొదటి విత్తు వానకు చెడవచ్చును గనుక దీనికి రెండింతలు దాచవలెను. కొర్ర మూడు నెలల లోపలనే చేతికి వచ్చును. పొరుగుననున్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము సూర్యనంది వంటి మేలైన కొర్ర రకములను వెలువరించినది.

ధాన్యము దాచుటకు మన వారు పాతర త్రవ్వెడివారు. మిట్టన, నీటి చెమ్మ తగులని చోట గొయ్యి తీసి, అడుగునను ప్రక్కలను ఎండిన గడ్డి దట్టముగా పరచి, గింజ నింపి, మన్ను కప్పెడివారు. లోపల గాలి ఆడదు గనుక పురుగు బ్రదుకదు. కాని ఆ గాలియే మనిషికిని ప్రాణాంతకము. పాతర తెరచిన వెంటనే ఎవరును దిగరాదు. ఒక పూట తెరచియుంచి, దీపమును త్రాటితో దింపి చూడవలెను. దీపము ఆరినచో దిగరాదు. ఆరకున్నను, నడుమునకు మోకు కట్టుకొని, పైన ఇద్దరిని నిలిపియే దిగవలెను. చిరకాలము వాడని బావిలో దిగునపుడును ఇదే నియమము.

ఉప్పును మరువరాదు. అది మన జిల్లాలో దొరకదు. కనుమలు దాటి సముద్రతీరమునుండి రావలెను. పచ్చళ్లతో కలిపి మనిషికి ఏడాదికి అయిదు కిలోలనుకొన్నచో వెయ్యిమందికి 50 క్వింటాళ్లు. ఉప్పు చౌక; చెమ్మ తగులకున్న చెడదు. కుటుంబమున కొక బస్తా దాచుకొనుట ఎవరికిని భారము కాదు.

ఇక ఎద్దు. ట్రాక్టరు వచ్చిన పిదప కాడి ఎద్దులు తగ్గిపోయినవి. నూనె ఉన్నంతవరకు ఇంజను నడచును. 1900వ సంవత్సరమున పారిస్ ప్రదర్శనలో ఒక డీసెలు ఇంజనును వేరుసెనగ నూనెతోనే నడిపి చూపిరి. కాని విడిభాగములు అరిగిన పిమ్మట మిగులునది ఎద్దే. 1991లో సోవియట్ రాజ్యము కూలి చమురు రాక ఆగినపుడు క్యూబా దేశము ట్రాక్టరులను నిలిపి, ఎద్దులను పెంచి, కాడికి మరపెను. ముసలి రైతులు పడుచువారికి ఆ విద్యను నేర్పిరి. మన ఊళ్లలో కోడెను కాడికి మరపుట, మోకు పేనుట, తోలుబాన కుట్టుట తెలిసిన వృద్ధులు ఇంకను కలరు. వారు ఉన్నప్పుడే నేర్చుకొనవలెను.

ఇల్లు, వెలుగు, ఆరోగ్యము

వేసవిలో మన జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు ఎక్కును. పంకా లేని కాంక్రీటు గది రాత్రియు సెగలు క్రక్కును. పూర్వపు రాతిగోడల చౌడుమిద్దె, వెలుగునకును గాలికిని పైన విడిచిన గవాక్షి ఈ ఎండను ఎరిగి కట్టినవి. ఉన్న మిద్దెలను పడగొట్టక బాగుచేసికొనుడు. ఊరికి నాలుగైదు అట్టి ఇండ్లున్నను మధ్యాహ్నమున ముసలివారికి, పసివారికి, బాలింతలకు నీడయగును. పొలముపని తెల్లవారుజాముననే ముగించుట, అంబలి, మజ్జిగ త్రాగుట పెద్దల అలవాటు. అది ప్రాణరక్షణ కూడ.

వెలుగునకు ఆముదము, కానుగ నూనె చాలును. పొయ్యికి సర్కారు తుమ్మ కొరత లేదు, కొట్టినకొలది చిగిర్చును. కాంక్రీటు మిద్దెను వృథాగా విడువరాదు. 100 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిసినచో 60 వేల లీటర్లు. అందు సగము పట్టినను అయిదుగురు గల కుటుంబమునకు దినమునకు 75 లీటర్ల చొప్పున ఏడాది పొడవున సరిపోవును.

కలుషితమైన నీరు కరువుకంటె త్వరగా చంపును. మరుగుదొడ్డి గుంట బావికి నూరు అడుగులకు తక్కువ దూరమున నుండరాదు. మురికి నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చినను, అది తేటపడునే గాని క్రిములు చావవు, కాచియే త్రాగవలెను. కట్టెలు లేనిచో తేటనీటిని రంగులేని సీసాలో పోసి ఆరు గంటలు మంచి యెండలో నుంచవలెను. విరేచనములు పట్టినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగింపవలెను. ఇన్సులిను వంటి మందులను తడి ఇసుక నింపిన రెండు కుండల నడుమ ఉంచినచో కొంతకాలము నిలుచును. ఆ మందులపై ఆధారపడినవారి పేర్లు ఊరికి ముందే తెలిసియుండవలెను. సాయము మొదట వారికే చేరవలెను.

నీటి పంపకమే ధర్మము

అట్టి దినమున ఊరిని చంపునది దాహముకంటె ముందు తగాదా. లోతు తక్కువ బావి ఒకరిదై, దాహము వందమందిదైనపుడు ఏమి చేయవలెను? ఆ నిర్ణయమును గొంతు ఎండిన నాడు చేయరాదు. గ్రామసభలో నేడే చేయవలెను. మొదట మనుష్యులకు, తరువాత పశువులకు, తరువాత విత్తనపు మడికి, కూరపాదులకు, చివరకు తోటలకు నీరు చెందవలెను. ఏ వాడవారైనను ఏ బావికైనను రాదగుదురు. అంటరానితనము నేరమని 1955 నాటి చట్టమే శాసించినది. పూర్వపు కరువులలో మొదట రాలినవారు బావి గట్టెక్కనీయబడనివారని మరువరాదు.

దీనికి మార్గములు మన రాష్ట్రముననే కలవు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల క్రొత్త బోరు వేయరాదని చెప్పుచున్నది. ఆ దశాబ్దముననే కడపతో కూడిన ఏడు కరువు జిల్లాలలో రైతులు స్వయముగా వానను, బావుల నీటిమట్టమును కొలిచి, ఉన్న నీటిని బట్టి పంటలను నిర్ణయించుకొను పద్ధతిని అభ్యసించిరి. అయిదవ దోషమునకు అది తగిన విరుగుడు.

ఇప్పుడు చేయవలసినవి

1. ఊరిలోని బావులు, బోర్లు అన్నిటి నీటిమట్టమును ప్రతి నెల కొలిచి పంచాయతీ గోడపై వ్రాయుడు. ఏది 40 అడుగుల లోపల, ఏది 150 లోపల, ఏది ఆ క్రింద అన్నది పిల్లలకును తెలియవలెను.

2. చెత్తతో పూడిన పాత బావులలో కనీసము రెంటిని ఈ వేసవిలోనే పూడిక తీసి, గిలకలు బిగింపుడు. పాడుబడిన బోర్లకు మూతలు వేయుడు. పసిపిల్లలు పడి మరణించుచున్నారు.

3. చెరువు కట్టను, అలుగును, వాగులలోని చెక్‌డ్యాములను వానలకు ముందే బాగుచేయుడు. ప్రతి చేనిలో కుంట, ప్రతి బోరు ప్రక్క ఇంకుడుగుంత త్రవ్వుడు.

4. చేతిపంపుల తోలువాసర్లను, విడిభాగములను దాచుడు. వానిని బిగించు విద్యను ఊరికి నలుగురు యువకులు, నలుగురు స్త్రీలు నేర్చుకొనవలెను.

5. రెండింతల విత్తనము, ఏడాది ఉప్పు, తిరగలి, రోలు ఇంటింట ఉండవలెను.

6. ఏడాదికొక దినము మోటారు వేయక, కరెంటు వాడక ఊరంతయు గడపి చూడుడు. ఆ ఒక్క దినమున ఏది కొరతయైనదో వ్రాసికొని, మరుసటి ఏటికి దానిని తీర్చుకొనుడు.

సోదర సోదరీమణులారా! విద్యుత్తు మన పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. దానిని విడువుడని మేము చెప్పుట లేదు. అది ఉన్నప్పుడే నీటిని పైకి తెచ్చుకొనుడని చెప్పుచున్నాము. మోటారుతో పైకి తోడుట ఒక పద్ధతి. వాననీటిని ఇంకించి భూమిలోనే మట్టమును పైకి లేపుట మరియొక పద్ధతి. మొదటిది తీగ తెగిన నాడు ఆగును. రెండవది మన మనుమలు తోడుకొనునాటికిని నిలిచియుండును. ఈ ఏటి తొలకరికి ముందే మీ ఊరి బావిలోనికి ఒక త్రాడు దింపి చూడుడు. అది ఎన్ని అడుగులు దిగినదో, మీ ఊరు చేయవలసిన పని అంత యున్నది.